సెయింట్ హెలెనా చరిత్ర: నెపోలియన్‌ను పక్కన పెడితే మిగిలేది ఎంత?

సముద్రయానం (ప్రశ్న):

సెయింట్ హెలెనా గురించి ఎక్కడ చదివినా కథ 1815లో మొదలై 1821లో ఆగిపోతోంది. నెపోలియన్‌ను తెచ్చారు, లాంగ్‌వుడ్‌లో ఉంచారు, చనిపోయాడు, అంతే. నాకు కావలసింది దానికి ముందూ వెనకా జరిగింది.

ఆ దీవి మొత్తం కలిపి 122 చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా తీరం దాదాపు 1,900 కిలోమీటర్ల అవతల. బంగారం లేదు, మిరియాలు లేవు. అలాంటి చోట ఈస్టిండియా కంపెనీ 1659 నుంచి 1834 దాకా కోటలు కట్టి, సైన్యాన్ని పోషించి ఎందుకు కూర్చుంది? కంపెనీ ఓడలు అక్కడ ఆగేది మన వైపు వచ్చేటప్పుడా, తిరిగి పోయేటప్పుడా? సూయజ్ కాలువ తవ్వగానే దీవి పని అయిపోయిందని అందరూ ఒకే వాక్యంలో తేల్చేస్తారు, అది ఎంతవరకు నిజం? ఇంకొకటి, 2016లో అంత ఖర్చు పెట్టి విమానాశ్రయం కట్టాక విమానాలు దిగలేవన్నారు కదా, చిక్కు ఎక్కడ వచ్చింది?

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

తెరచాప:

పోయేటప్పుడే ఆగేవి. వచ్చేటప్పుడు ఆగడం చాలా అరుదు. కంపెనీ ఆ దీవిని ఎందుకు పట్టుకు కూర్చుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

దక్షిణ అట్లాంటిక్‌లో ఆ ప్రాంతమంతా ఏడాది పొడుగునా ఆగ్నేయ వాణిజ్య పవనాలు వీస్తాయి. ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన తెరచాప ఓడ ఆ గాలికి ఎదురుగా నేరుగా దిగలేదు. అందుకని బ్రెజిల్ వైపుకి పెద్ద వంపు తిరిగి, బాగా దక్షిణానికి పోయి, అక్కడి పడమటి గాలుల్ని పట్టుకుని గుడ్ హోప్ అగ్రం దాటేది. ఆ దారిలో సెయింట్ హెలెనా ఎక్కడో దూరంగా, గాలి వచ్చే వైపున ఉండిపోతుంది. తిరుగు ప్రయాణంలో లెక్క పూర్తిగా మారుతుంది. మద్రాసు నుంచో బెంగాల్ నుంచో చైనా నుంచో సరుకుతో వస్తున్న ఓడ గుడ్ హోప్ దాటగానే అదే ఆగ్నేయ గాలి వెనక నుంచి తోస్తుంది. ఆ గాలివాటున పోతే సరిగ్గా దారిలోనే దీవి తగులుతుంది. అప్పటికి నెలల తరబడి సముద్రం మీదే ఉన్నారు. పీపాల్లో నీళ్ళు పాచి పట్టాయి, సగంమంది నావికులకు తాజా కూరలు లేక వచ్చే స్కర్వీతో చిగుళ్ళు వాచాయి. అక్కడ మంచినీళ్ళూ ఆకుకూరలూ నిమ్మకాయలూ పశువులూ దొరికితే ఓడ ఇంటికి చేరుతుంది, లేకపోతే నడిపేవాళ్ళు లేక అవస్థ పడుతుంది. ఓడలో ఉన్నది ఏడాది వ్యాపారం తాలూకు సరుకంతా. కంపెనీ కాపాడుకున్నది ఆ సరుకును.

దీవిని కనుక్కోవడమే ఒక విద్య. గడియారంతో రేఖాంశం తెలుసుకునే పద్ధతి 18వ శతాబ్దం చివరికి గానీ ఓడల్లో వాడుకలోకి రాలేదు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం మాత్రం చెప్పగలిగేవారు. దీవి 16 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి రవ్వంత ఉత్తరంగా ఉంది. కాబట్టి దీవికి బాగా తూర్పున ఉండగానే ఆ అక్షాంశం మీదికి వచ్చేసి, గాలిని వెనకేసుకుని, ఆ గీత తప్పకుండా పడమటికి పోతూ ఎదురుచూడాలి. శిఖరాలు 800 మీటర్లకు పైన ఉంటాయి కాబట్టి తెరిపి రోజున చాలా దూరానికే కనిపిస్తాయి. కానీ ఆ శిఖరాలకు తరచూ మబ్బు పట్టి ఉంటుంది. చూసుకోకుండా దాటి పోయారంటే తిరిగి రావాలంటే గాలీ ప్రవాహమూ రెండూ ఎదురే. ఎదురీదలేక అసెన్షన్ దీవికి పోయి తాబేళ్ళ మాంసంతో సరిపెట్టుకోవాల్సిందే. అక్కడ నీళ్ళు దొరకడం కష్టం.

చేరాక కూడా ఒకే దారి. గాలి కొట్టే తూర్పు, దక్షిణ తీరాల్లో నిలువు కొండలు, పెద్ద అలలు. ఓడ ఈశాన్య మూలను చుట్టి, ఒడ్డును దాదాపు రాసుకుంటూ, గాలిచాటున ఉన్న జేమ్స్ బే లోకి రావాలి. ఒడ్డుకు దూరంగా జరిగితే గాలి పడమటికి నెట్టేస్తుంది. కంపెనీ ఫిరంగుల్ని సరిగ్గా ఆ మలుపు మీదే పెట్టింది. మిత్రుడైనా శత్రువైనా ఆ తుపాకుల కిందుగానే రావాలి. చిన్న దీవిని కొద్దిమందితో కాపాడగలగడానికి ఈ గాలే కారణం.

రేవు మాత్రం ఎప్పుడూ సరైనది కాదు. ఓడలు లోతు నీళ్ళలో లంగరు వేసి, మనుషుల్నీ సరుకునీ పడవల్లో మెట్ల దగ్గరికి చేర్చేవి. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో తుపాను రేగితే ఇక్కడ గాలి లేకుండానే పెద్ద పొంగు అలలు వస్తాయి. జేమ్స్ బే ఉత్తరం వైపుకే తెరుచుకుని ఉంటుంది కాబట్టి మామూలు రోజుల్లో రక్షణ ఇచ్చే చోటే ఆ రోజు ప్రమాదం. 1846 ఫిబ్రవరిలో అలాంటి అలలకు లంగరు వేసి ఉన్న ఓడలు 13 ఒడ్డుకు కొట్టుకుని ముక్కలయ్యాయి.

పాత_పటాలు:

తెరచాప గారు గాలి సంగతి చాలా బాగా చెప్పారు. మొదటి కాలం గురించి నేను కొంత కలుపుతాను.

పోర్చుగీసు నావికుడు జువావ్ ద నోవా 1502 మే 21న, సెయింట్ హెలెనా అనే క్రైస్తవ సాధ్వి పండుగ రోజున, దీవిని చూశాడని పుస్తకాలన్నీ రాస్తాయి. ఈ తేదీని కళ్ళు మూసుకుని నమ్మకండి. మే 21న ఆ పండుగ చేసేది తూర్పు చర్చివాళ్ళు. రోమన్ కాథలిక్కులకు ఆమె పండుగ ఆగస్టు 18. కాథలిక్ నావికుడు మే 21ని బట్టి పేరు పెట్టాడనడం పొసగదు. సంవత్సరం వరకు సరే, రోజు మాత్రం తర్వాత ఎవరో అతికించినదే అనిపిస్తుంది.

మొదటి నివాసి కథ మన దక్కనుతో ముడిపడి ఉంది. ఫెర్నావ్ లోపెజ్ అనే పోర్చుగీసు సైనికుడు గోవాలో బీజాపూరు పక్షానికి ఫిరాయించాడు. 1512లో దొరికిపోతే పోర్చుగీసు గవర్నర్ ఆల్బుకర్క్ చంపలేదు గానీ ముక్కు, చెవులు, కుడి చెయ్యి, ఎడమ చేతి బొటనవేలు కోయించాడు. అతను కొన్నేళ్ళకు పోర్చుగల్ పోయే ఓడలో వస్తూ నీళ్ళ కోసం ఆగినప్పుడు సెయింట్ హెలెనాలో దిగి దాక్కున్నాడు. మధ్యలో ఒకసారి యూరప్ వెళ్ళి పోప్‌ను కలిసి వచ్చినా, 1545 ప్రాంతంలో చనిపోయేదాకా అక్కడే బతికాడు. ఓడలవాళ్ళు వదిలిన గింజలతోనూ మొక్కలతోనూ తోట వేశాడు.

పోర్చుగీసులు దీవిలో ఊరు కట్టలేదు. మేకల్ని మాత్రం వదిలారు. ఎవరూ కాపలా లేకుండానే మాంసం పెరుగుతుందన్నది వాళ్ళ ఆలోచన. ఆ మేకలు లేత మొక్కను బతకనివ్వలేదు. తర్వాత వచ్చిన కంపెనీ జనం తోళ్ళు ఊనడానికి చెట్ల బెరడు ఒలిచి, మాను అక్కడే వదిలేశారు. సారా కాచడానికి కట్టెలు నరికారు. గ్రేట్ వుడ్ అని పిలిచిన పెద్ద అడవి ఇలా పలచబడిపోతే 1720లలో గోడ కట్టి కాపాడాలని చూశారు, నిలవలేదు. ఈ రోజు తీరం నుంచి చూస్తే కనిపించే బోడి కొండల్లో చాలా భాగం మనుషులూ మేకలూ కలిసి చేసినదే.

1659లో జాన్ డటన్ కంపెనీ తరఫున దిగి కోట కట్టాడు. ఈ వలస మొదటి నుంచీ బానిసల రెక్కల కష్టం మీదే నడిచింది. మడగాస్కర్‌లో వ్యాపారం చేసే ప్రతి ఓడా ఒక బానిసను దీవికి అప్పగించాలని కంపెనీ నిబంధన పెట్టింది. దీవి చరిత్ర రాసేవాళ్ళు గవర్నర్ల జాబితా ఇచ్చి ఈ మాట దాటేయడం అన్యాయం. ఎందుకంటే 1673లో ఆ దీవి ఇంగ్లీషువాళ్ళకు తిరిగి దక్కిందే ఒక బానిస వల్ల. ఆ ఏడాది మొదట్లో డచ్చివాళ్ళు దీవిని పట్టుకున్నారు. మే నెలలో ఇంగ్లీషు కెప్టెన్ రిచర్డ్ మండెన్ నౌకాదళంతో వచ్చినప్పుడు, ఫిరంగులున్న జేమ్స్ బే వైపు నుంచే కాకుండా తూర్పున ప్రాస్పరస్ బే దగ్గర కూడా సైనికుల్ని దింపాడు. అక్కడి నుంచి పైకి దారి చూపించినవాడు ఆలివర్ అనే నల్లజాతి బానిస. ఒకడు ముందుగా కొండ ఎక్కి తాడు వదిలితే మిగతావాళ్ళు దాన్ని పట్టుకుని ఎక్కారు. డచ్చివాళ్ళు లొంగిపోయారు. ఆలివర్‌కు స్వేచ్ఛ దొరికింది. మిగతా బానిసలు మాత్రం 1830ల దాకా ఆగాల్సి వచ్చింది.

దీవుల_చరిత్ర:

సూయజ్ విషయానికి వస్తే, అది నిజమే గానీ మూడోవంతు నిజం. 1855లో దాదాపు 1,100 ఓడలు అక్కడ ఆగితే 1889లో ఆగినవి 288. మధ్యలో 1869లో కాలువ తెరిచారు కాబట్టి అందరూ దాని మీదికి తోసేస్తారు. ఆవిరి ఓడల్ని మర్చిపోతారు. ఆవిరి ఓడకు గాలితో పని లేదు, వారాల తరబడి పాచి నీళ్ళు తాగాల్సిన అగత్యమూ లేదు. కాలువ తవ్వకపోయినా బొగ్గు ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. తెరచాప గారు చెప్పిన లెక్క అంతా గాలి మీద నిలబడ్డది. గాలితో పని తీరాక ఆ లెక్క కూడా తీరింది.

అసలు మొదటి దెబ్బ అంతకు ముందే, 1834 ఏప్రిల్ 22న పడింది. కంపెనీ చైనా వ్యాపార గుత్తాధిపత్యం పోయింది, దీవిని బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించింది. అప్పటిదాకా దీవి ఖర్చుని కంపెనీ వ్యాపారం భరించేది. కొత్త ప్రభుత్వం ఖర్చు తగ్గించే పని పెట్టుకుని కంపెనీ సైన్యాన్ని రద్దు చేసింది, ఉద్యోగాలు కోసింది. కాస్త వీలున్న కుటుంబాలు దక్షిణాఫ్రికాలోని కేప్‌కు తరలిపోయాయి.

నెపోలియన్ కాలం మధ్యలో వచ్చిన ఆరేళ్ళ పొంగు. సైన్యం పెరిగింది, ధరలు పెరిగాయి, 1821లో అంతా ఒక్కసారిగా దిగిపోయింది. దీవి చరిత్రలో దాని బరువు అంతే.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి 1840లో మొదలైంది. బ్రిటిష్ నౌకాదళం అట్లాంటిక్‌లో పట్టుకున్న బానిస ఓడల్ని ఇక్కడికి తెచ్చి విచారించడానికి ఒక న్యాయస్థానం పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో 25,000 మందికి పైగా ఆఫ్రికన్లను ఆ ఓడల నుంచి దించారు. వాళ్ళు అప్పటికే ఆకలితో, మశూచితో, విరేచనాలతో కుప్పకూలిన స్థితిలో ఉండేవారు. రూపర్ట్స్ లోయలో శిబిరాలు వేశారు. నీడ లేని ఎండు లోయ అది. బతికినవాళ్ళలో చాలామందిని వెస్టిండీస్‌కూ కేప్‌కూ కూలీలుగా పంపేశారు. సుమారు 8,000 మంది ఆ లోయలోనే మట్టిలో కలిశారని అంచనా. విమానాశ్రయం రోడ్డు కోసం తవ్వే ముందు 2008లో పురావస్తు శాస్త్రజ్ఞులు 325 మంది అవశేషాల్ని బయటికి తీశారు. చాలా గుంటల్లో ఒకరి మీద ఒకరిని వేసి పూడ్చినట్టు తేలింది. 2022లో గానీ వాళ్ళను తిరిగి మర్యాదగా పాతిపెట్టలేదు. నెపోలియన్ ఖాళీ సమాధికి కంచె, పూలమొక్కలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఆ ఓడలతో పాటే చెదలు కూడా దిగాయి. పట్టుకున్న బానిస ఓడల్ని మళ్ళీ వాడకుండా విరగ్గొట్టి కలప అమ్మేవారు. అలాంటి ఒక ఓడ కలపలో వచ్చిన చెదలు దీవి ముఖ్య పట్టణం జేమ్స్‌టౌన్ ఇళ్ళల్లో చేరాయి. చెద లోపలి నుంచి తింటుంది, పైన రంగు వేసిన పొర అలాగే ఉంటుంది. అందుకే 1860ల దాకా నష్టం ఎంతో ఎవరికీ అందలేదు. దూలం మీద వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగేదన్న స్థితికి వచ్చాక పైకప్పులు కూలడం మొదలైంది. గ్రంథాలయంలో పుస్తకాలు కూడా పోయాయి. ఆ తర్వాత టేకూ ఇనుమూ వాడి మళ్ళీ కట్టుకున్నారు. ఓడల రాకపోకలు తగ్గుతున్న రోజుల్లోనే ఈ ఖర్చు మీద పడింది.

సముద్రయానం:

ఇంత ఆశించలేదు, చాలా సంతోషం. ఓడలు పోయాక జనం దేంతో బతికారు? నారతో అని ఒకచోట చదివాను. అది ఎందుకు ఆగిపోయింది? అక్కడివాళ్ళ పౌరసత్వం తీసేసి మళ్ళీ ఇచ్చారని కూడా విన్నాను.

దీవుల_చరిత్ర:

ముందు కొన్నాళ్ళు ఖైదీలతో బతికారు. దక్షిణాఫ్రికా జూలూ రాజు దినుజులు 1890 నుంచి 1897 దాకా ఉన్నాడు. 1900 నుంచి 1902 వరకు సుమారు 6,000 మంది బోయర్ (దక్షిణాఫ్రికాలో బ్రిటన్‌తో పోరాడిన డచ్చి సంతతివాళ్ళు) యుద్ధఖైదీల్ని డెడ్‌వుడ్, బ్రాడ్‌బాటమ్ మైదానాల్లో గుడారాల్లో ఉంచారు. 1901లో జనాభా 9,850. ఇప్పటి జనాభా అందులో సగం కూడా లేదు. యుద్ధం అయిపోయాక ఖైదీలూ కాపలా సైన్యమూ వెళ్ళిపోయారు, అంగళ్ళు మళ్ళీ ఖాళీ.

నార పరిశ్రమ 1907లో నిలదొక్కుకుంది. 1870లలో ఒక మిల్లు పెట్టి కొన్నేళ్ళకే మూసేశారు. ఈసారి ప్రభుత్వమే లాంగ్‌వుడ్‌లో మిల్లు పెట్టింది. ఈ మొక్క న్యూజిలాండ్ నుంచి తెచ్చింది. కత్తుల్లా నిలబడే ఆకులు మనిషి ఎత్తు దాటుతాయి. ఆకుల్ని మొదలంటా కోసి, కట్టలు కట్టి, గాడిదల మీద మిల్లుకు చేర్చేవారు. అక్కడ వేగంగా తిరిగే యంత్రపు రోలరుకు ఒక్కొక్క ఆకూ అందిస్తే, అది పచ్చటి గుజ్జునంతా గీకేసి పీచు మాత్రం బయటికి వదిలేది. ఆ పీచును నీళ్ళలో కడిగి, పచ్చిక మీద పరిచి ఎండబెట్టి, దువ్వినట్టు చేసి, ఒత్తి బేళ్ళు కట్టేవారు. కడగడం సరిగ్గా లేకపోతే గుజ్జు ఆరి పీచుకు అంటుకుని రంగు మారేది, ధర పడిపోయేది. మబ్బు ఎప్పుడూ కమ్ముకుని ఉండే కొండల మీద ఎండబెట్టడమే పెద్ద పని.

ఈ నారతో పేనిన తాళ్ళు, పురికొసలు బ్రిటిష్ తపాలా శాఖకు పోయేవి. కొనేవాడు దాదాపు ఒక్కడే. తపాలా శాఖ కృత్రిమ నారకు మారింది, ఓడ కిరాయి పెరిగింది. 1966లో చివరి మిల్లు మూతపడింది. పోయింది పరిశ్రమే గానీ మొక్క పోలేదు. ఎత్తయిన కొండల మీద చెట్టు ఫెర్నుల అడవిని నరికి ఈ నారమొక్క వేశారు. అది ఇప్పటికీ చిక్కటి పొదలుగా పెరుగుతూ దీవికి మాత్రమే చెందిన మొక్కల్ని లేవనివ్వడం లేదు. తవ్వి తీసేయడం, ఆ వెంటనే స్థానిక మొక్క నాటడం రెండూ కలిసి చేయాలి. తీసేసి ఊరుకుంటే ఏటవాలు నేల వానకు కొట్టుకుపోతుంది, కలుపు దూరుతుంది.

పౌరసత్వం: రెండో చార్లెస్ 1673లో ఇచ్చిన పత్రంలో దీవివాసులకు ఇంగ్లండులో పుట్టినవాళ్ళతో సమానమైన హక్కులు రాసి ఉన్నాయి. 1981 చట్టం బ్రిటన్‌లో నివసించే హక్కు లేని ఒక కొత్త తరగతి పౌరులుగా వాళ్ళను మార్చేసింది. వేరే దేశం ఏదీ లేని మనుషులకు వాళ్ళ దేశంలోకే ప్రవేశం లేకుండా పోయింది. 1992 నుంచి దీవిలో ఆ పాత పత్రాన్నే చేత పట్టుకుని పోరాడారు. 2002 మే 21న పూర్తి పౌరసత్వం తిరిగి వచ్చింది. పైన పాత_పటాలు గారు అనుమానించిన ఆ తేదీకే, 500 ఏళ్ళు పూర్తయ్యాయని లెక్కేసి.

గాలివాటం:

విమానాశ్రయం సంగతి నేను చెప్తాను. స్థలం ఎంపిక దగ్గర నుంచి మొదలెట్టాలి. దీవిలో రన్‌వేకి సరిపడేంత చదునైన నేల ప్రాస్పరస్ బే మైదానం ఒక్కటే. 1673లో సైనికులు తాడు పట్టుకుని ఎక్కింది ఆ పరిసరాల్లోనే. అది కూడా చాలలేదు. డ్రై గట్ అనే లోయను దాదాపు 80 లక్షల ఘనపు మీటర్ల రాయీ మట్టీ పోసి పూడ్చి 1,950 మీటర్ల కాంక్రీటు రన్‌వే వేశారు. ఖర్చు 28.5 కోట్ల పౌండ్లు.

రన్‌వే ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా, సముద్రానికి 300 మీటర్ల పైన, కొండ అంచున ఉంది. ఆగ్నేయ గాలికి ఎదురుగా దిగాలంటే విమానం ఉత్తరం నుంచి రావాలి. పద్ధతి ప్రకారం అదే సరైన దిశ. కానీ ఆ ఉత్తరపు కొస దగ్గర కొండలూ నిలువు బండలూ ఉన్నాయి. గాలి వాటిని తాకి, మీది నుంచి దొర్లి, సరిగ్గా విమానం నేలకు దగ్గరయ్యే చోట సుడులు తిరుగుతుంది. కొన్ని సెకన్లలో గాలి వేగమూ దిశా మారిపోతాయి, రెక్కలకు అందే పైకెత్తే బలం తగ్గుతుంది. 2016 ఏప్రిల్ 18న పరీక్ష కోసం వచ్చిన బోయింగ్ 737-800 మొదటిసారే దిగలేక మళ్ళీ పైకి లేచి ప్రయత్నించింది. మే నెలలో జరగాల్సిన ప్రారంభం వాయిదా పడింది.

దక్షిణం నుంచి వస్తే ఆ సుడులు తగలవు. కాకపోతే గాలి వెనక నుంచి తోస్తుంది, ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, 1,950 మీటర్లలో బరువైన విమానానికి అది కుదరదు. పైగా అక్కడ దిగలేకపోతే దగ్గర్లో ఇంకో విమానాశ్రయం లేదు. అసెన్షన్ 1,300 కిలోమీటర్ల దూరం. అంటే తిరిగి పోవడానికో వేరే చోటికి మళ్ళడానికో సరిపడా ఇంధనం మోసుకురావాలి, ఆ మేరకు మనుషుల్ని తగ్గించాలి.

పరిష్కారం చిన్న విమానంతో దొరికింది. 2017 అక్టోబరు 14న జొహానెస్‌బర్గ్ నుంచి విండ్‌హోక్ మీదుగా ఎంబ్రేయర్ 190 మొదటి వాణిజ్య సర్వీసుగా దిగింది. దాదాపు 100 సీట్లున్న విమానంలో మొదట్లో 76 మందినే అనుమతించారు. ఐదారు రోజులు పట్టే కేప్‌టౌన్ ప్రయాణాన్ని నడిపిన తపాలా ఓడ ఆర్‌ఎంఎస్ సెయింట్ హెలెనా 2018 ఫిబ్రవరిలో చివరిసారి రేవు విడిచింది. సరుకు మాత్రం ఇప్పటికీ ఓడలోనే వస్తుంది, అయితే జేమ్స్ బే లోకి కాదు. రూపర్ట్స్ లోయ దగ్గర కట్టిన కొత్త రేవుకి వస్తుంది. ఇక విమానం టికెట్టు చూసుకునేవాళ్ళు గాలి బాగాలేని రోజున ప్రయాణం మర్నాటికి వాయిదా పడవచ్చని లెక్కలో పెట్టుకుని, తిరుగు ప్రయాణంలో తర్వాతి విమానానికి కనీసం ఒక రోజు ఎడం ఉంచుకోవాలి.